చీమలబారు - వార్తాస్రవంతి

చోడవరము చుట్టుపట్ల పల్లెలలో బెల్లము వండుచోట నిలిచి చూచినవారికి నిత్యము కనబడు వింత యొకటి కలదు. నేలపై నొక బెల్లపు పలుకు పడును. ఎక్కడినుండియో ఒక చీమ వచ్చి దానిని కనుగొనును. గడియ గడువకమునుపే చీమలు బారులు తీఱును. మొదటి చీమ యెవ్వరిని పిలువలేదు. తిరిగిపోవుచు త్రోవవెంట తన వాసనను విడిచినది, అంతే. ఆ జాడను పట్టి వచ్చినది తన వాసననుగూడ చేర్చినది. బెల్లము తీఱినతోడనే క్రొత్త వాసన చేరక జాడ యాఱిపోవును. ఒకరు చేసిన పనియే వేఱొకరికి దారిచూపు ఇట్టి వ్యవహారమునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ గ్రాసె చెదపురుగులను పరిశీలించి 1959లో ప్రత్యేక నామకరణము చేసెను.

మన చేతిలోని ఫోనునందు ప్రవహించు వార్తాస్రవంతియు నిట్టిదియే. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్కు మిత్రుల చర్యల నన్నింటిని ఒక్కచోట వరుసగా చూపనారంభించినప్పుడు, తమ గుట్టు బయటబడుచున్నదని పలువురు నిరసించిరి. నేడది అందఱకు అలవాటైపోయినది. ఒకరు వ్రాయుదురు, ఒకరు మెచ్చుదురు, ఒకరు పదిమందికి పంచుదురు. ప్రతిచర్యయు వెనుకవచ్చువానికి జాడయగును. పూర్వము ఈ పని సంత చేసెడిది. అనకాపల్లి మార్కెట్టులో బెల్లము ధర యేమో, ఏ యూర చెఱకునకు తెగులు సోకినదో, సంతకు పోయిన రైతు అడుగకయే విని వచ్చుచుండెను. ఏమి అడుగవలెనో తెలియనివానికి సయితము కావలసిన సంగతి కంటబడుటయే సంతకును స్రవంతికిని గల సమానగుణము.

దీని మేలు ఎంతటిదో 2021 ఏప్రిలు, మే మాసములలో దేశము చూచినది. కరోనా రెండవ యుప్పెనలో ప్రాణవాయువు సిలిండరు కొఱకు, ఆసుపత్రిలో మంచము కొఱకు జనులు ట్విట్టరులోను వాట్సాపులోను మొఱపెట్టుకొనిరి. జాబితాలకు కొఱత లేదు. వానిలో మంచములు నిండిపోయిన చోట్లును, పలుకని నంబర్లును పెక్కు లుండెను. అప్పుడు యువకులు కొందఱు ఒక్కొక్క నంబరునకు స్వయముగా ఫోనుచేసి, "ఈ గంటకు విచారించితిమి, కలదు", "ఇచ్చట అయిపోయినది" అని చేర్చి పంచిరి. రోగి బంధువులకు అక్కఱకు వచ్చినది పొడవైన జాబితా కాదు, ఆ చిన్న గుర్తే.

ఇక కీడు. 1921లో ప్రకటించిన గ్రంథమున విలియం బీబే గయానా అడవిలోని సైనికచీమల గూర్చి వ్రాసెను. అసలు బారునుండి తప్పిన చీమలు ఒకదాని జాడ నొకటి పట్టి పెద్ద వలయముగా తిరుగసాగినవి. ఎన్నటికిని గమ్యము చేరక అనేకములు అలసి చచ్చినవి. 2018 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములలోను జరిగినది అదియే. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని వాట్సాపులో పుకారు పాకెను. కన్నవాడు ఒక్కడును లేడు. పంపినవారు మాత్రము అసంఖ్యాకులు. అమాయకులు దెబ్బలు తినిరి, కొందఱు ప్రాణములే కోల్పోయిరి. ఆ సంవత్సరము జూలైలో వాట్సాపు సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒక్కమాఱు ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసెను. కట్టడి వేగమును తగ్గించును గాని వివేకమును కలిగింపజాలదు.

చీమ జాడకును మన జాడకును భేదమొకటి కలదు. చీమ వాసన యాఱిపోవును. ఫోనులోని మాట యాఱదు. మేమును ఒకమాఱు శారదానది పాతవరద ఫొటోను నాటిదే యని నమ్మి పంచితిమి. మిత్రుడొకడు తేది చూపి మమ్ము సిగ్గుపఱచెను. ఇదిగాక, మన ముందు ఏది మొదట నిలుచునో నిర్ణయించునది మన అవసరము కాదు. చూపరుల కన్ను ఎచ్చట నిలుచునో లెక్కగట్టు సంస్థల గణితము. భయమును కోపమును కన్నును నిలుపును గనుక, పెక్కు సారులు అవియే ముందునకు వచ్చును.

ఈ విచారము మనకు వినోదార్థము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు, నాడు ఆ జిల్లాలోనిదియు 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిదియు నైన చోడవరము తుపాను దారికి దూరము కాదు. విద్యుత్తుతో పాటు ఫోనులును మూగవోయినవి. స్రవంతి యే యింకిపోయినది. మఱల తుపాను రాకమానదు. అప్పుడు తెగక మిగిలిన కొద్దిపాటి దారిని వదంతులతో నింపుదుమా, త్రాగునీరు ఎచ్చట దొరకునో, ఏ వంతెన తెగినదో తెలుపు మాటకు విడుతుమా?

మా మనవి స్వల్పము. కన్నది వ్రాయుడు, ఊరు, తేది, గంట చేర్చుడు. సంగతి తీఱినపిమ్మట తీఱినదని చెప్పుడు. విన్నది మాత్రమే యైనచో విన్నదనుడు. నిజమో కాదో తెలియనిచో మీ చేతియొద్దనే దానిని ఆపుడు. బెల్లము చూచిన చీమయే జాడ వేయవలెను. తక్కినవారి మౌనము సయితము లోకోపకారమే.