దోషం బ్యాటరీది కాదు.. బిగింపుది!

* ఉప్పు తేమకు చిలుము పడుతున్న టెర్మినళ్లు
* ఫ్యూజు బదులు తీగ చుడితే ముప్పే
* పావుగంటలో గుట్టు విప్పే మీటరు

యానాం: సెలవు రోజు సాయంత్రం. బోటు నిండా పిల్లాపాపలు. సరంగు తాళం తిప్పితే లోపల ‘టిక్‌’ మంటుంది గానీ ఇంజిన్‌ కదలదు. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తోచేది ‘బ్యాటరీ పోయింది’ అనే. వేలకు వేలు పోసి కొత్తది తెచ్చి పెడతారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ‘టిక్‌’. ఎందుకంటే చాలాసార్లు పాడయ్యేది బ్యాటరీ కాదు. దాని నుంచి ఇంజిన్‌కు కరెంటు మోసే దారి.

యానాం-ఎదుర్లంక వారధి 2002లో అందుబాటులోకి వచ్చాక పంటు కోసం రేవులో పడిగాపులు కాసే పని తప్పింది. ఇప్పుడు గౌతమిలో సరదాకు బోటెక్కేవాళ్లూ ఉన్నారు. సరదా బోటంటే కరెంటు పనులూ ఎక్కువే. ఇంజిన్‌ సెల్ఫ్‌, లైట్లు, హారన్‌, మైకుసెట్టు, అడుగున చేరిన నీటిని తోడే పంపు.. అన్నీ దాని మీదే ఆధారం. రోడ్డు మీద కారు ఆగితే దిగి తోయొచ్చు. పాటు లాగుతున్న వేళ ఏటి మధ్యలో ఆగితే దిగేదెక్కడికి?

ఉప్పుతోనే తంటా

సముద్రం దగ్గర కావడంతో పోటు వేళ ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది. వేసవిలో నదిలో ప్రవాహం తగ్గితే ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. చిలికా, పులికాట్‌ సరస్సుల్లో బోట్లు నడిపే వాళ్లకూ ఈ తిప్పలే. ఉప్పు తేమ రాగిని తినేస్తుంది. లగ్గుల చుట్టూ పచ్చటి చిలుము కడుతుంది. వైరుపై తొడుగు నిగనిగలాడుతున్నా లోపల రాగి నల్లబడి పొడిపొడిగా రాలుతుంది. మెలితిప్పి టేపు చుట్టిన అతుకు అడుగునీటిలో నానితే మరీ ప్రమాదం. టేపు సందులోకి చేరిన ఉప్పునీటి గుండా కరెంటు కొంచెం కొంచెంగా కారుతూ తీగను కొరికేస్తుంది.

లైట్లు వెలుగుతూనే ఉంటాయి, సెల్ఫ్‌ మాత్రం తిరగదు. ఇదేం చిత్రం అనిపిస్తుంది. తూముకు చెత్త అడ్డుపడితే బిందె నిండుతుంది గానీ చేను తడవదు కదా. ఇదీ అంతే. చిన్న బల్బుకు ఒకట్రెండు ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కు వందకు పైగా కావాలి. చిలుము పట్టిన లగ్గు బల్బుకు దారిస్తుంది, సెల్ఫ్‌కు ఇవ్వదు.

మీటరు చెప్పే నిజం

మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి వరుసగా నాలుగు పరీక్షలు చేస్తే చాలు. ఇవి 12 వోల్టుల బ్యాటరీకి చెప్పిన లెక్కలు. 24 వోల్టుల బోటైతే మీటరు స్థాయి పెంచి, బ్యాటరీ వోల్టులను రెట్టింపు చేసుకోవాలి.

ఒకటి: రాత్రంతా వాడకుండా ఉంచిన బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 లోపైతే ముందు చార్జింగ్‌ పెట్టాలి, తర్వాతే ఏదైనా.

రెండు: ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు బ్యాటరీ వద్ద రీడింగు చూడాలి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా ఆరేడు వోల్టులకు పడిపోతే దానికి సత్తువ లేనట్టు, లేదా సెల్ఫ్‌ పట్టేసినట్టు. 12 దగ్గరే నిలిచి సెల్ఫ్‌ మాత్రం ‘టిక్‌’ మంటుంటే బ్యాటరీని తప్పుపట్టొద్దు. లోపం దారిలో ఉంది, లేదా సెల్ఫ్‌లోనే ఉంది.

మూడు: ఇదే అసలు పరీక్ష. మీటరు పుల్ల ఒకటి బ్యాటరీ సీసపు మొలక మీద, రెండోది దానికి బిగించిన లగ్గు మీద ఆనించి తాళం తిప్పించాలి. రీడింగు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపినా అక్కడ బిగింపు బాగోలేదనే అర్థం. ఇలాగే నెగిటివ్‌ వైరు ఇంజిన్‌కు తగిలేచోట, మెయిన్‌ స్విచ్‌ దగ్గర, సెల్ఫ్‌ దగ్గర ఒక్కో అతుకూ చూసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

నాలుగు: ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.5 దగ్గరే ఉండిపోతే చార్జింగ్‌ అందడం లేదు. బెల్టు వదులైందో, డైనమో పాడైందో చూడాలి. 15 దాటితే బ్యాటరీ ఉడికిపోతుంది. డైనమో పనిచేస్తోందా లేదా అని నడుస్తున్న ఇంజిన్‌పై బ్యాటరీ వైరు పీకి చూడటం కొందరికి అలవాటు. అలా చేస్తే బాగున్న డైనమో కూడా కాలిపోవచ్చు.

దోషం దొరికాక మందు చౌకే. ముందు నెగిటివ్‌ వైరు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. వంటసోడా కలిపిన వేడినీళ్లతో చిలుము కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. తుడిచి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలైన్‌ పూయాలి. చార్జింగ్‌ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్‌ వాయువు వస్తుంది. దగ్గర్లో బీడీ, సిగరెట్‌ వెలిగించకూడదు. పెట్టెకు గాలి ఆడాలి.

తీగ చుడితే చిక్కే

మాటిమాటికీ ఫ్యూజు పోతోందని రాగితీగ చుట్టేవాళ్లున్నారు. ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పే గుర్తు. ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఉండొచ్చు. పంపు రెక్కకు నాచు, ప్లాస్టిక్‌ సంచి చుట్టుకుని ఉండొచ్చు. తీగ చుడితే ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. పక్కనే డీజిలు, ఫైబరు, చెక్క.. అంటుకోవడానికి అన్నీ సిద్ధమే. 2018 మేలో దేవీపట్నం సమీపంలో పాపికొండల విహారానికి వెళ్తున్న బోటులో మంటలు చెలరేగాయి. షార్ట్‌ సర్క్యూటే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. అదృష్టవశాత్తూ ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. అన్నిసార్లూ అదృష్టం కలిసి రావాలనేముంది?

పొగ కనిపిస్తే ముందు మెయిన్‌ స్విచ్‌ ఆపాలి. జనరేటర్‌ ఉంటే అదీ ఆపాలి. తర్వాత పొడి చిమ్మే సిలిండర్‌ వాడాలి. కరెంటు ఆగకుండా నీళ్లు చల్లొద్దు. జనరేటర్‌తో ఏసీలు, పెద్ద స్పీకర్లు నడిపే బోట్లలో ఉండేది ఇంట్లో ఉన్నట్టే 230 వోల్టులు. తడి బల్ల మీద అది ప్రాణాంతకం. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

పాటకో బ్యాటరీ.. పంపుకో ఫ్యూజు

మైకుసెట్టుకు, సెల్ఫ్‌కు ఒకే బ్యాటరీ ఉంటే ఇంజిన్‌ ఆపి పాటలు పెట్టుకున్న గంటకే చిక్కొస్తుంది. ఇంజిన్‌కు విడిగా ఒకటి ఉంచుకోవడమే మేలు. నీళ్లు తోడే పంపుకు మెయిన్‌ స్విచ్‌తో సంబంధం లేకుండా, దానికంటూ ఓ ఫ్యూజుతో బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాలి. అప్పుడే రాత్రి రేవులో కట్టేసి వెళ్లినా చేరిన నీళ్లు తోడుతుంది. అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మీటరూ అక్కర్లేదు. అడుగున బకెట్‌ నీళ్లు పోస్తే సరి. తేలే స్విచ్‌ లేచి, పంపు తనంతట తాను తిరగాలి. తిరగకపోతే ఆ రోజు జనాన్ని ఎక్కించుకోకూడదు.

అద్దెకు బోటు మాట్లాడుకునేవాళ్లూ లైఫ్‌ జాకెట్‌తో పాటు ఓ మాట అడగొచ్చు. ‘బాబూ, నీళ్లు తోడే పంపు ఓసారి వేసి చూపిస్తావా?’ అని.