శిక్షతో తీరని ఋణము

పసిబిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదను వార్త వెలువడినపుడెల్ల దోషిని కఠినముగా శిక్షింపవలెనను కేక దేశమంతట వినవచ్చును. ఆ కేక న్యాయమైనదే. కాని ఆ బిడ్డ గతి యేమని యడుగువారు అరుదు. దోషి చెరసాలకు పోయినంతమాత్రమున బిడ్డకు నిద్ర పట్టదు. బడికి పోవు ధైర్యము రాదు. మనుష్యులపై నమ్మకము మరల చిగుర్పదు. ఈ రెండవ ఋణమును గూర్చియే మేము నేడు పాఠకులకు మనవి చేయుచున్నాము.

2007వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన నివేదికలో, 13 రాష్ట్రములయందు ప్రశ్నింపబడిన పిల్లలలో నూటికి 53 మంది యేదోయొక రూపమున లైంగిక వేధింపునకు లోనైనట్లు తేలినది. వీరిలో బాలురును కలరు. వేధించినవారిలో పెక్కురు బిడ్డ యెరిగినవారు, నమ్మినవారు. కావుననే బిడ్డ నోరు మెదపదు. మెదపినను, పరువు పోవును, ఊరకుండుమని పెద్దలే వారింతురు. తనవారే తన్ను నమ్మరైరను బాధ బిడ్డకు రెండవ గాయమగును. పసివాని మౌనముపై నిలుచు గౌరవము గౌరవమే కాదు.

2012 నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ఈ బాధను కొంత గుర్తించినది. బిడ్డ వాఙ్మూలమును ఇంటనో, బిడ్డ కోరిన చోటనో వ్రాసికొనవలెను. వ్రాసికొను పోలీసు ఉద్యోగి యూనిఫారము ధరింపరాదు. సాక్ష్యమిచ్చువేళ నిందితుడు బిడ్డ కంటబడరాదు. మాటిమాటికి బిడ్డను న్యాయస్థానమునకు రప్పింపరాదు. విచారణ ముగియువరకు బిడ్డకు తోడుగా నుండుటకు సహాయకుని నియమించు పద్ధతి 2020 నాటి నియమములలో కలదు. ఇట్టి తోడు లభించునను సంగతిని ప్రతి కేసులోను తలిదండ్రులకు తెలుపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశమునకు సంబంధించిన వ్యాజ్యమున స్పష్టపరచినది. హైదరాబాదునందు 2016లో నెలకొల్పబడిన భరోసా కేంద్రము వైద్యమును, న్యాయసహాయమును, మనసునకు ఊరటను ఒక్కచోటనే సమకూర్చుచున్నది. ఇట్టి నీడ పట్టణమునకే పరిమితము కారాదు. మారుమూల పల్లెలోని బిడ్డకును అందవలెను.

అయినను మొదటి వైద్యము ఇంటనే జరుగవలసియున్నది. బిడ్డ చెప్పినదానిని అడ్డు తగులక వినవలెను, నమ్మవలెను. "తప్పు నీది కాదు" అను మాటను ఒకమారు గాక పదిమార్లు చెప్పవలెను. వచ్చిన బంధువుకెల్ల ఆ కథను మరల చెప్పింపరాదు. ఎవరికిని చెప్పనని మాట యీయరాదు. ఏలయన, నేరమును పోలీసులకు తెలుపుట చట్టము విధించిన బాధ్యత. దిక్కుతోచనిచో 1098కు ఫోను చేయవచ్చును. వేళకు అన్నము, బడి, ఆటలు, స్నేహితులు మునుపటివలెనే యుండవలెను. మనోవైద్యుని యొద్దకు పోవుట సిగ్గుపడవలసిన విషయము కాదు. కోలుకొనుట ఒక్కనాటి పని గాదు. బాగుపడిన బిడ్డ మరల ఒకనాడు బెదరి యేడ్వవచ్చును. అపుడు విసుగుకొనక చేరదీయువారు ఒక్కరున్నను చాలు.

గాయపడిన పిల్లలు కోలుకొందురు. చదివి, పెరిగి, నవ్వుచు బ్రదుకుదురు. వారు కోరునది మన జాలి కాదు, నమ్మకము. దోషికి శిక్ష విధించుట న్యాయస్థానము పని. బిడ్డకు బాల్యమును తిరిగి యిచ్చుట మనయందరి పని. ఆ ఋణమును తీర్చనిదే మనకు నిష్కృతి లేదు.