పడని గోల్స్ లెక్క

1962 జకార్తా ఆసియా క్రీడల మాట ఎవరెత్తినా జర్నైల్ సింగ్ తలకు పడ్డ కుట్ల దగ్గరే మొదలుపెడతారు. ఆయన స్టాపర్. తలకు దెబ్బ తగిలాక కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన్ని ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించినప్పుడు ఒక గోల్ ఆయనదే. ఒళ్లు జలదరించే కథే, కాదనను. కానీ ఒక డిఫెండర్ జనం నోళ్లలో నిలిచింది తన పని పక్కనపెట్టి గోల్ కొట్టినందుకు! వెనక నిలబడి ఏళ్ల తరబడి ఆపిన గోల్స్ ఊసు ఎవరూ ఎత్తరు. ఫుట్‌బాల్‌ని గోల్స్‌తో మాత్రమే గుర్తుపెట్టుకునే ఈ అలవాటు వల్ల ఎక్కువ నష్టపోయింది రహీం సొంతూరు హైదరాబాదేనని నా వాదన. ఎందుకంటే ఈ నగరం దేశానికిచ్చిన ఆటగాళ్లలో వెనక వరుసలో కాపు కాసినవాళ్లకు కొదవలేదు.

హైదరాబాద్ నగర పోలీసు శాఖ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టు ఫుల్‌బ్యాక్ అజీజుద్దీన్ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లారు. మెల్‌బోర్న్‌కు వెళ్లిన మరో హైదరాబాదీ డిఫెండర్ అహ్మద్ హుస్సేన్ లాలా. హెల్సింకిలో యుగోస్లావియా మనపై పది గోల్స్ కొట్టింది. మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే దేశం నాలుగు కొట్టింది. తేడా అంతా డిఫెన్స్ వల్లే అనను. హెల్సింకిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు, నాలుగేళ్లలో చాలా మారాయి. కానీ నాలుగో స్థానం దక్కిన మెల్‌బోర్న్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. హెల్సింకి అనగానే గుర్తొచ్చేది ఆ పది గోల్స్. అంటే డిఫెండర్ విఫలమైతేనే అంకెలోకి వస్తాడు, నెగ్గితే అంకెలోంచి మాయమైపోతాడు.

ఆ నెగ్గడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలి. బంతితో ఫార్వర్డ్ దూసుకొస్తుంటే పచ్చి బ్యాక్ ఎదురెళ్లి కాలు విసురుతాడు, ఫార్వర్డ్‌కు కావలసిందీ అదే. చేయి తిరిగిన బ్యాక్ కాలు విసరడు. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, రెండడుగుల ఎడం ఉంచుకుని వెనక్కి జరుగుతుంటాడు. వచ్చేవాడి భుజం ఎటు ఊగినా నమ్మడు, చూపు బంతి మీదే. అలా జరుగుతూనే వాణ్ని గోల్‌కు ఎదురుగా రానివ్వకుండా గీతవైపు నెడతాడు. చివరికి వాడు దారిలేక బంతిని వెనక్కి పంపేస్తాడు. గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టరు, చూడ్డానికి అక్కడ ఏమీ జరగలేదు కదా! ఈ ఓపిక వయసుతో వస్తుంది. అందుకే పోలీసు కొలువులాంటి నెల జీతం డిఫెండర్‌కు ఇంకా ఎక్కువ అవసరమైందనుకుంటాను. పండేదాకా ఆటలో నిలవాలంటే ఇల్లు గడవాలి కదా.

సయ్యద్ నయీముద్దీన్ కెరీరే చూడండి. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. ఒకరంటే ఒకరికి పడని మూడు పెద్ద క్లబ్బులు ఒకే డిఫెండర్‌ను కోరుకున్నాయంటే, అతని విలువ తెలియడానికి వేరే అంకె అక్కర్లేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్ ఆయనే. జపాన్‌పై 1–0తో గెలిచి కాంస్యం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు అదే చివరి పతకం. ఆ స్కోరులో ఒకటి ఎంత ముఖ్యమో సున్నా అంతే ముఖ్యం. ఆ టోర్నీ ఫైనల్ 0–0గా ముగిసి బర్మా, దక్షిణ కొరియా స్వర్ణం పంచుకున్నాయి కూడా.

డిఫెన్స్‌ను లెక్కకట్టడం కుదరదనేవాళ్లకు ఐస్ హాకీ జవాబు చెబుతుంది. ఉత్తర అమెరికా ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ 1954 నుంచే ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు నోరిస్ ట్రోఫీ అని విడిగా ఒక బహుమతి ఇస్తోంది. ప్లస్–మైనస్ అనే లెక్క కూడా ఉంది. రెండు వైపులా సమాన బలంతో ఆడుతుండగా తన జట్టు గోల్ కొడితే మంచు మీద ఉన్న ప్రతి ఆటగాడికీ ఒకటి కలుస్తుంది, గోల్ పడితే ఒకటి తగ్గుతుంది. 1970–71లో బోస్టన్ డిఫెన్స్‌మన్ బాబీ ఓర్ ఈ లెక్కలో 124 తెచ్చుకున్నాడు. ఇందులో లోపాలున్నాయి. చెత్త జట్టులో పడ్డ మంచి బ్యాక్‌కు అన్యాయం జరుగుతుంది. ఓర్ పేరు మోగిపోవడానికి అతను కొట్టిన గోల్స్ కూడా కారణమే. అయినా లోపమున్న లెక్క, అసలు లెక్కే లేకపోవడం కంటే మేలు. కనీసం ఆ సమయంలో ఎవరు కాపలా ఉన్నారన్న పేరు మిగులుతుంది.

మనవాళ్లకు అవార్డులు రాలేదా అని అడగొచ్చు. వచ్చాయి. జర్నైల్ సింగ్‌కు 1964లో, మరో డిఫెండర్ అరుణ్ ఘోష్‌కు 1965లో, నయీముద్దీన్‌కు 1970లో అర్జున వచ్చింది. కోచ్‌గా నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య కూడా వచ్చింది. అయితే అవార్డు శిఖరాన్నే చూస్తుంది. దాని కింద పదేళ్లు, పన్నెండేళ్లు కాపు కాసిన బ్యాక్‌లకు స్కోరు పుస్తకమే దిక్కు, అందులో వాళ్లకు చోటు లేదు. ఇదంతా రహీం శిక్షణ చలవేగా అనేవాళ్లూ ఉన్నారు. శిక్షణ గొప్పదే. కానీ అదే శిక్షణలో ఎదిగిన ఫార్వర్డ్‌ల గోల్స్‌ను మనం కోచ్ ఖాతాలో వేయడం లేదు, వాళ్ల పేరు మీదే రాస్తున్నాం.

నిజాం కాలపు అరబ్ సైనికుల బ్యారక్స్ వల్ల ఆ పేరొచ్చిన హైదరాబాద్ బార్కస్‌లో ఇవాళ్టికీ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అలాంటి మైదానాల్లో జరిగే టోర్నీల్లో స్కోరు రాసేవాళ్లు గోల్ కొట్టినవాడి పేరు, నిమిషం రాస్తారు. దానికి ఒక్క వరుస చేర్చమని నా విన్నపం. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా వెనక ఎవరెవరు ఆడారో, ఆ మధ్యలో ఎన్ని గోల్స్ పడ్డాయో రాయాలి. లాలా 2021 ఏప్రిల్‌లో కోవిడ్‌తో కన్నుమూశారు. మెల్‌బోర్న్ దాకా వెళ్లిన ఆ డిఫెండర్ తన కాలంలో ఎన్ని బంతులు ఆపారో ఏ పుస్తకం తిరగేసినా దొరకదు. బార్కస్‌లో ఈ సాయంత్రం ఆడే కుర్రాడిది మాత్రం దొరికేలా చేయొచ్చు.