అదనముగా కట్టిన సొమ్ము ఎక్కడికి పోవుచున్నది?



పంట డబ్బు చేతికి వచ్చినప్పుడో, దూరదేశములో పనిచేయు కుమారుడు సొమ్ము పంపినప్పుడో, ఇంటి అప్పులో కొంత ముందుగా కట్టుదమని మన కుటుంబములు తలంచుట మంచిదే. అయితే ఆ సొమ్ము దేని క్రింద జమ అగుచున్నదో విచారించువారు కొద్దిమందే.

నెల వాయిదాలో మొదట వడ్డీ పోవును. మిగిలినదే అసలుకు చేరును. 9 శాతము వడ్డీపై 20 సంవత్సరములకు 10 లక్షలు తీసికొనినయెడల వాయిదా సుమారు 8,997 రూపాయలు. మొదటి నెలలో 7,500 వడ్డీకే సరి. అసలులో తగ్గునది 1,497 మాత్రమే.

సంవత్సరము తరువాత 50,000 రూపాయలు అదనముగా కట్టితిమనుకొందము. దానిని రాబోవు వాయిదాల కొరకు అడ్వాన్సుగా ఉంచినయెడల అసలు తగ్గదు, వడ్డీ ఆగదు. అసలులో జమకట్టినయెడల రెండు మార్గములున్నవి. గడువు మార్చక వాయిదా తగ్గించుకొనిన, నెలకు సుమారు 458 రూపాయలు తగ్గును. వాయిదా అలాగే కట్టుచు గడువు తగ్గించుకొనిన, వడ్డీ రేటు మారనియెడల 27 వాయిదాలు తప్పును. అనగా 2,40,000 రూపాయలకు పైగా వాయిదాల సొమ్ము కట్టనక్కరలేదు!

కావున నోటిమాటతో సరిపెట్టకుడి. "ఈ సొమ్ము అసలులో జమచేసి గడువు తగ్గించగలరు" అని మేనేజరు గారికి వ్రాసి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనుడి. తరువాతి స్టేట్‌మెంటులో అసలు తగ్గినదో లేదో చూడుడి. మారుచుండు వడ్డీపై వ్యక్తులు తీసికొనిన గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది. స్థిర వడ్డీ అయితే ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఒక హెచ్చరిక. నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చిన చేయప్పు ఉన్నయెడల అది సంవత్సరమునకు 36 శాతము! మొదట దానిని తీర్చుడి. ఆసుపత్రికి, పిల్లల చదువుకు కొంత ఉంచుకొనుడి.

రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలిని జ్ఞాపకము చేసికొందము. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ వచ్చెను. దేవుడు నూనెను విస్తరింపజేయగా, దానిని అమ్మి మొదట అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో బ్రదుకుమనియు ఎలీషా చెప్పెను. దీవెన వచ్చినప్పుడు దానిని ఏ క్రమములో వాడవలెనో కూడ దేవుడే నేర్పెను. మన పిల్లలకు అప్పు పత్రములను గాక ఇంటి పత్రములను అప్పగించునట్లు ప్రభువు మనకు జ్ఞానము దయచేయును గాక.