విధానం మారింది.. విధేయత సడలింది

మీర్‌పేట్: పేదల పక్షాన నిలిచి ఎదిగిన పార్టీ తన విధానాన్ని మార్చుకుంటే సంప్రదాయ ఓటరు ఏం చేస్తాడు? వెంటనే వీడిపోడు. కొంతకాలం వేచిచూస్తాడు. రాష్ట్రంలో తెలుగుదేశం ప్రస్థానం, మహేశ్వరం నియోజకవర్గంలోని మీర్‌పేట్ ప్రాంతంలో ఓటు మారిన తీరు ఇందుకు నిదర్శనం.

1982లో ఎన్.టి.రామారావు స్థాపించిన తెలుగుదేశం, కిలో రెండు రూపాయల బియ్యం హామీతో మరుసటి ఏడాదే అధికారం చేపట్టింది. 1994లో అదే హామీకి మద్యనిషేధం తోడై 216 స్థానాలు దక్కాయి. 1995లో చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయిన తరువాత దిశ మారింది. బియ్యం ధర 3.50 రూపాయలకు, క్రమేణా 5.25కు చేరింది. 1997లో మద్యనిషేధం తొలగింది. రేషన్ కార్డుదారుకు సంస్కరణ అంటే చౌకధరల దుకాణం వద్ద లెక్కించి ఇచ్చే డబ్బే. 20 కిలోలు కొనే కుటుంబానికి నెలకు 40 రూపాయలయ్యే ఖర్చు 105 అయింది.

జాప్యంగా వచ్చిన తీర్పు

అయినా 1999లో పార్టీ ఓడలేదు. 180 స్థానాలు గెలిచింది. కార్గిల్ అనంతరం వీచిన వాజపేయి గాలి, దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు, డ్వాక్రా సంఘాలు అసంతృప్తిని కప్పివేశాయి. అది ఎంతోకాలం దాగలేదు. విద్యుత్ ఛార్జీల పెంపుపై వామపక్షాలు ఉద్యమించగా 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ఆందోళనకారులు మరణించారు. కరవు, ఉచిత విద్యుత్తుపై కాంగ్రెస్ హామీ తోడై 2004లో తెలుగుదేశం 47 స్థానాలకు పరిమితమైంది. ఒకప్పుడు తనదైన రెండు రూపాయల బియ్యాన్ని 2008లో కాంగ్రెస్ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి పునరుద్ధరించారు. 2009లో తెలుగుదేశం ఉచిత విద్యుత్తు, నగదు బదిలీ హామీలతో, వామపక్షాలతో కలిసి పాత బాటకు మళ్లినా 92 స్థానాలే వచ్చాయి. ఆలస్యంగా చేసిన వాగ్దానాన్ని జనం అనుమానంగానే చూస్తారు మరి.

గుర్తు మిగిలింది.. నాయకుడు వెళ్లాడు

శివారులో మాత్రం సైకిల్‌పై అభిమానం పూర్తిగా చావలేదు. 2009లో మహేశ్వరంలో కాంగ్రెస్ అభ్యర్థి సబితా ఇంద్రారెడ్డి గెలిచినా, 2014లో తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి విజయం సాధించారు. తెలంగాణ ఏర్పాటు వేళ ఇది చిన్న విషయం కాదు. ఆ తరువాత ఆయన తెరాసలో చేరారు. 2018లో తెలుగుదేశం ఏ కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా పుట్టిందో దానితోనే పొత్తు పెట్టుకుంది. మహేశ్వరంలో సైకిల్ గుర్తే లేదు. హస్తం గుర్తుపై గెలిచిన సబితా ఇంద్రారెడ్డి 2019లో తెరాసలో చేరి మంత్రి అయ్యారు. సైకిల్‌ను వదిలి హస్తానికి ఓటు వేసినవారు చివరకు కారు పార్టీ ఎమ్మెల్యేను చూడవలసివచ్చింది.

2023లో ఆరు గ్యారంటీలతో కాంగ్రెస్ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చినప్పటికీ మహేశ్వరం ఓటర్లు భారాస అభ్యర్థిగా ఆమెనే ఎన్నుకున్నారు. రెండో స్థానం భాజపాకు దక్కింది. తెలుగుదేశం ఆ ఎన్నికల్లో తెలంగాణలో ఎక్కడా పోటీ చేయలేదు.