జబ్బుల లెక్క, పనుల లెక్క

డెబ్భై అయిదేళ్ళ మనిషికి మధుమేహం, అధిక రక్తపోటు, మోకీళ్ళ అరుగుదల ఉంటే వైద్యుడి కాగితం మీద అవి మూడు పేర్లు. ఆ మనిషి రాత్రిపూట లేచి స్నానాల గదికి నడిచేటప్పుడు అవి మూడుగా ఉండవు. మధుమేహం వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గి, నేల ఎక్కడుందో కాలికి సరిగా తెలియదు. రక్తపోటు మాత్రల ప్రభావంతో మంచం మీంచి లేవగానే రక్తపోటు పడిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. తూలిన ఒంటిని అరిగిన మోకాలు నిలబెట్టలేదు. విడివిడిగా ఏ ఒక్కటీ పడదోసేంతది కాకపోవచ్చు. కలిస్తే తుంటి ఎముక విరగడానికి సరిపోతాయి.

రెండు గానీ అంతకు మించి గానీ దీర్ఘవ్యాధులు ఒకే మనిషిలో ఉండడాన్ని మల్టీమార్బిడిటీ అంటారు. 1970లో ఆల్వన్ ఫైన్‌స్టీన్ వాడుకలోకి తెచ్చిన కోమార్బిడిటీ అన్న మాటలో ఒక జబ్బు ప్రధానం, మిగిలినవి దాని పరివారం. మల్టీమార్బిడిటీలో ఏ జబ్బుకూ పెద్దరికం లేదు. స్కాట్లండ్‌లో సుమారు 17.5 లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించి 2012లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, 65 ఏళ్ళు దాటినవారిలో ఎక్కువమందికి ఈ స్థితి కనిపించింది. అత్యంత పేద ప్రాంతాల్లో అది 10 నుంచి 15 ఏళ్ళు ముందుగానే మొదలయింది. కనుక దీన్ని ముసలితనం ఖాతాలో వేసి ఊరుకోవడం కుదరదు.

జబ్బులను కాక పనులను లెక్కించే పద్ధతి అంతకు ముందే ఉంది. సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఆరు నిత్యకృత్యాలతో ఒక కొలమానం తయారుచేసింది: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, భోజనం. పసిబిడ్డ చివర నేర్చినవి వృద్ధుల్లో ముందు పోతాయని ఆయన గమనించాడు. 1969లో లాటన్, బ్రోడీ ఇంకాస్త చిక్కు పనులను చేర్చారు: టెలిఫోను, బజారు, వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు వ్యవహారం. మొదట్లో మగవారికి వంట, ఇంటిపని, బట్టల ఉతుకు లెక్కలోకి తీసుకోలేదు. జీవితంలో ఎన్నడూ పొయ్యి వెలిగించని మనిషికి వంట రాకపోవడం క్షీణత కాదు గదా!

ఈ కొలమానాలు అమెరికా ఇళ్ళను చూసి తయారైనవి. బాసింపట్టు వేసుకు కూర్చుని లేవడం, గొంతుక్కూర్చోవడం, నీళ్ళ బకెట్ ఎత్తడం, వాకిట్లో ముగ్గు పెట్టడం వాటిలో లేవు. తెలుగు ఇళ్ళలో మోకాలి నొప్పి ముందుగా బయటపడేది అక్కడే. పైగా శక్తి తగ్గినప్పుడు మనిషి పని వెంటనే మానడు, చేసే తీరు మారుస్తాడు. ఒక్కొక్క మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతాడు. గుడిదాకా సాగే నడక వీధి చివరికి, తర్వాత గేటు దగ్గరికి కుదించుకుంటుంది. అడిగితే “బాగానే ఉన్నాను” అంటాడు. అది అబద్ధమూ కాదు. కానీ కదలిక తగ్గేకొద్దీ కండ కరుగుతుంది. రక్తంలోని చక్కెరను అధికంగా వాడుకునేది కండే కాబట్టి మధుమేహం ముదురుతుంది.

చికిత్స కూడా ఈ చిక్కులో ఒక పోగే. 2005లో సింథియా బాయిడ్ బృందం, అయిదు జబ్బులున్న 79 ఏళ్ళ స్త్రీని ఊహించి, ఒక్కో జబ్బుకూ ఉన్న మార్గదర్శకాలను తు.చ. తప్పకుండా అమలుచేస్తే ఏమవుతుందో లెక్కకట్టింది. ఆమెకు 12 రకాల మందులు అవసరమయ్యాయి. ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి మరో మందు రాయడం ఇంకో ప్రమాదం. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తాయి. వాపుకని మూత్రం జారీ చేసే మాత్ర ఇస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాలి. మోకాలి నొప్పికి వాడే బిళ్ళలు రక్తపోటును పెంచి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రుల విషయంలో మరొకటి: అక్కడి మాత్ర, ఇక్కడి మాత్ర పేర్లు వేరైనా పని ఒకటే కావచ్చు. రెండు దేశాల చీటీలనూ ఒకే వైద్యుడో ఫార్మసిస్టో పక్కపక్కన పెట్టి చూడడం తప్పనిసరి.

హెచ్‌బీఏ1సీ 7 దాటితే విదేశాల్లోని పిల్లలు కంగారు పడతారు. పలు జబ్బులతో, నిత్యకృత్యాలకే ఇబ్బందిపడే వృద్ధులకు 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతుంది. వారికి చక్కెర హఠాత్తుగా పడిపోవడం అంతకంటే ప్రమాదం. కాబట్టి ఫోనులో “షుగరెంత?” అన్న ప్రశ్నతోపాటు మరికొన్ని కావాలి. నిన్న కూరలు ఎవరు తెచ్చారు? మేడ మీదికి వెళ్ళి ఎన్నాళ్ళయింది? పెన్షను డబ్బు ఎవరు తెస్తున్నారు? జవాబు మూడు నెలల కిందటి కంటే మారితే వైద్యుడికి చెప్పవలసిన సంగతి అదే.

వీడియో కాల్‌లో చూడగలిగిన పరీక్ష కూడా ఒకటుంది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గిందన్న అనుమానానికి ఆధారముంది. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి, పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి.