మొక్కజొన్న ధారణకు ఇథనాల్ పగ్గాలు
కోళ్ల దాణా, పెట్రోలు బంకు ఒకే గింజకు పోటీ

ఒకప్పుడు మొక్కజొన్న వర్తకులు రెండు గిరాకీలనే చూసుకుని సరుకు కట్టేవారు. ఒకటి కోళ్ల దాణా, రెండు స్టార్చ్ ఫ్యాక్టరీలు. గత రెండు మూడేళ్లలో మూడో కొనుగోలుదారు రంగంలోకి దిగి, పై ఇద్దరికీ గట్టి పోటీ ఇస్తున్నాడు. అతడే పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీదారు. నిజామాబాదు, వరంగల్, గుంటూరు ప్రాంతాల సరుకు ధర ఇప్పుడు కొంతవరకు ఢిల్లీలో నిర్ణయమయ్యే లీటరు రేటును బట్టి నడుస్తోంది.

దీని మూలం చమురు దిగుమతిలో ఉంది. 2024-25లో దేశ ముడిచమురు అవసరాల్లో దాదాపు 88 శాతం విదేశాల నుంచే వచ్చింది. గల్ఫ్‌లో అలజడి రేగినా, రూపాయి మారకం జారినా ఆ భారం నేరుగా మన మీద పడుతుంది. 1973లో అరబ్ దేశాలు సరఫరా బిగించినప్పుడు కొద్ది నెలల్లోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు ఎగబాకింది. పెట్రోలులో ఆల్కహాలు కలపడం కొత్త ఆలోచన కాదు. అందుకోసం 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2013-14లో మిశ్రమం ఒకటిన్నర శాతమే. 2018 జీవ ఇంధన విధానాన్ని 2022లో సవరించి, 20 శాతం లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. 2025లో ఆ మాట నెరవేరింది.

చెరకు నుంచి గింజకు

మొదట ఈ భారం చక్కెర మిల్లుల మీదే ఉండేది. 2023లో వానలు దెబ్బతీశాయి. ఆ జూలైలో భారత ఆహార సంస్థ ఇథనాల్‌కు బియ్యం ఇవ్వడం ఆపింది. డిసెంబరులో చెరకు రసం వాడకంపై కేంద్రం ఆంక్ష విధించింది. ఆ లోటు పూడ్చేందుకు చమురు కంపెనీలు 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు రూ. 5.79 ప్రోత్సాహకం చేర్చి, రేటును రూ. 71.86 చేశాయి. డిస్టిలరీలన్నీ మొక్కజొన్న వైపు మళ్లాయి. 2022-23లో 30 లక్షల టన్నులకు మించి ఎగుమతి చేసిన దేశం, 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి మొక్కజొన్న తెప్పించుకోవలసి వచ్చింది.

కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టడానికి కారణం లేకపోలేదు. కోడి పెంపకం ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా దాణాదే. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అందువల్ల గింజ ధర క్వింటాలుకు వంద రూపాయలు పెరిగితే, ఆ వేడి గోదావరి జిల్లాల ఫారాలకు వెంటనే తగులుతుంది.

క్వింటాలు లెక్క

టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే క్వింటాలుకు 38 లీటర్లు. రూ. 71.86 చొప్పున రాబడి రూ. 2,730. మిగిలే ఎండు పిప్పి 30 కిలోల వరకు ఉంటుంది. కిలో రూ. 14 అనుకుంటే మరో రూ. 420. మొత్తం రూ. 3,150. గింజను 2025-26 మద్దతు ధర రూ. 2,400కు కొంటే, బొగ్గు, ఎంజైములు, కూలి, వడ్డీ అన్నిటికీ మిగిలేది రూ. 750. అదే గింజ రూ. 1,900కు దొరికితే మిగులు రూ. 1,250. లీటరు రేటు మారనంత కాలం డిస్టిలరీ ఎంత దాకా పాడగలదో ఈ లెక్కే చెబుతుంది. గింజ ధరకు పై ఎల్ల ఇక్కడే ఉంది.

కింది ఎల్ల మాత్రం లేదని 2025 చాటింది. ధర ఆశతో రైతులు సాగు విస్తరించారు. 2024-25 దిగుబడి 400 లక్షల టన్నులు దాటింది. అదే సమయంలో ఆహార సంస్థ 2025 జనవరిలో డిస్టిలరీలకు బియ్యం రేటును క్వింటాలుకు రూ. 2,800 నుంచి రూ. 2,250కి తగ్గించింది. చమురు కంపెనీలు 2025-26కు 1,050 కోట్ల లీటర్లు అడిగితే, డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నాయి. మొక్కజొన్న వాటాగా దక్కింది సుమారు 478 కోట్ల లీటర్లు. దానికి 125 లక్షల టన్నుల గింజ చాలు. ఫలితంగా 2025 ఖరీఫ్ రాబడుల వేళ కర్ణాటక, తెలంగాణ యార్డుల్లో ధరలు మద్దతు ధర దిగువకు జారాయి. ఇథనాల్‌ను నమ్ముకుని నిల్వ చేసినవారికి వడ్డీలే మిగిలాయి.

దేశానికి మిగిలేదెంత?

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి 1,050 కోట్ల లీటర్లు కలిపితే ఆదా అయ్యే పెట్రోలు 700 కోట్ల లీటర్ల పైచిలుకు అనుకోవాలి. దేశంలో పెట్రోలు కంటే రెట్టింపుకు మించి వాడే డీజిలును ఈ పథకం తాకనేలేదు. పైగా ఎండు పిప్పి చవకగా దొరకడంతో దాణా మిల్లులు సోయాచెక్క తగ్గించాయి. సోయా రైతు మొక్కజొన్నకు మారితే వంటనూనె కొరత పెరుగుతుంది. ఇప్పటికే మన వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే. ముడిచమురు పద్దులో మిగిల్చింది పామాయిలు పద్దులో ఖర్చయితే లాభమేముంది?

బ్రెజిల్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1975లో అక్కడ చెరకు ఆల్కహాల్ పథకం మొదలైంది. 1980 దశకం చివర చమురు చవకై, చక్కెర ప్రియం కావడంతో మిల్లులు చక్కెర వైపు మొగ్గాయి. ఆల్కహాల్ కార్లవారు బంకుల దగ్గర బారులు తీరారు. ఏ పాళ్లలోనైనా నడిచే కార్లు 2003లో వచ్చాకే నమ్మకం తిరిగి కుదిరింది.

ఇకమీదట మొక్కజొన్నలో చేయి పెట్టే వర్తకుడు వాన జల్లు, యార్డు రాబడులతో పాటు మూడు విషయాలు కనిపెట్టి ఉండాలి. నవంబరులో మొదలయ్యే ఇథనాల్ సంవత్సరానికి కేటాయింపులు, ఆహార సంస్థ బియ్యం రేటు, దిగుమతి సుంకం. మూడూ సర్కారు చేతిలోనివే. ఒక్క ఉత్తర్వుతో గోదాములోని సరుకు విలువ మారిపోగలదు కనుక, అరువు సొమ్ముతో పెద్ద నిల్వలు కట్టేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మేలు.